స్టేషనరీ స్పెల్లింగ్: ‘ఇ’ రాయాలా, ‘ఏ’ రాయాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో పుస్తకాల అంగళ్ల బోర్డులు చదువుకుంటూ నడవండి. ఒకే మాట రెండు స్పెల్లింగులతో ఎదురవుతుంది. నోటికి రెండూ ఒకటే, స్టేషనరీ. ఇంగ్లీషులో మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు, రెండు వేర్వేరు అర్థాలు. అంగడి పెట్టేవాళ్లకు, బోర్డులు చేసేవాళ్లకు, డీటీపీ సెంటర్లలో పనిచేసేవాళ్లకు, స్కూల్లో ఇండెంట్లు (కావాల్సిన సరుకుల జాబితాలు) రాసే టీచర్లకు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు పనికొచ్చేలా ఈ పేజీ రాశాం.

ముందుగా ఒక మాట. ఇక్కడ ఇంగ్లీషు అక్షరాలను వాటి పేర్లతోనే రాస్తున్నాం. యాపిల్‌లో మొదటి అక్షరం ‘ఏ’. ఎగ్‌లో మొదటి అక్షరం ‘ఇ’. ఇంకులో మొదటి అక్షరం ‘ఐ’.

పుస్తకాలు, పెన్నులు అమ్మే అంగడి బోర్డు మీద ఏం రాయాలి?

ఎస్, టి, ఏ, టి, ఐ, ఓ, ఎన్, ఇ, ఆర్, వై. మొత్తం పది అక్షరాలు. మొదటి ఏడు అక్షరాలూ రైల్వే స్టేషన్ అనే మాటలోవే. ఆ ఏడింటి తర్వాత ఇ, ఆర్, వై. కాగితాలు, నోటుబుక్కులు, పెన్నులు, పెన్సిళ్లు, కవర్లు, ఫైళ్లు, స్టాప్లర్ పిన్నులు, మార్కాపురం పలక, ఇవన్నీ ఈ స్పెల్లింగ్ కిందికే వస్తాయి.

తప్పు జరిగేది ఎనిమిదో అక్షరం దగ్గరే. బోర్డు సరిచూసేటప్పుడు ముందుగా అక్కడికే వెళ్లండి.

‘ఏ’ పెట్టి రాస్తే అలాంటి మాటే లేదా?

ఉంది, చిక్కంతా అందుకే. ఎనిమిదో అక్షరం ‘ఏ’ అయితే అది ‘కదలకుండా నిలిచి ఉన్నది’ అని చెప్పే విశేషణం. ‘బుక్స్ అండ్’ అని రాసి పక్కన ఆ స్పెల్లింగ్ పెడితే, ఇంగ్లీషు తెలిసినవాళ్లకు ‘పుస్తకాలు, ఇంకా కదలనివి’ అన్నట్టు చదువుకోవాల్సి వస్తుంది. లేని మాటైతే కంప్యూటరైనా పట్టుకునేది. ఉన్న మాట కాబట్టి కంప్యూటర్ పట్టుకోదు, డిజైనర్ చూడడు, ఓనర్ కంటికి ఆనదు.

మనవాళ్లకు ఈ తప్పు ఎందుకింత తేలిగ్గా వస్తుంది?

మన లిపిలోనే ఒక కారణం ఉంది. ‘స్టేషనరీ’లో ‘న’ చూడండి. తెలుగులో ‘న’ అంటే అందులో ‘అ’ దాగి ఉన్నట్టే. ఫోన్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసేటప్పుడు నగరం అన్నా, నమస్కారం అన్నా, నరసింహ అన్నా వేలు ఎన్ తర్వాత ఏ మీదికే పోతుంది. అదే అలవాటు ‘స్టేషనరీ’ దగ్గరికీ వస్తుంది. చెవికి ‘న’ వినపడింది, చేయి ఎన్-ఏ రాసింది. చేయి చేసిన పనిలో తప్పు లేదు. తెలుగు లెక్కలో అది సరైన లెక్కే. కానీ ఇది ఇంగ్లీషు మాట.

ఇంగ్లీషువాళ్లు పలికేది విన్నా లాభం లేదు. వాళ్ల నోట ఆ చోట అచ్చు దాదాపు వినపడకుండా పోతుంది. రెండు మాటలనూ ఒకేలా పలుకుతారు. అందుకే ఇంగ్లీషు పుట్టింటి భాష అయినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

రెండో కారణం బడిలో మొదలవుతుంది. డిక్షనరీ, లైబ్రరీ, సెక్రటరీ, శాలరీ, జనవరి, ఫిబ్రవరి. చిన్న తరగతుల్లో నేర్చుకునే ఈ మాటలన్నీ ఏ-ఆర్-వైతోనే ముగుస్తాయి. అన్నిటికీ అదే తోక చూసిన కన్ను స్టేషనరీకి కూడా అదే తోక తగిలిస్తుంది.

మూడోది పని పద్ధతి. డీటీపీ సెంటరులో కొత్త బోర్డును ఖాళీ పేజీలో మొదలుపెట్టడం తక్కువ. పాత అంగడి ఫైలు తెరిచి, పేరు మార్చి, ఫోన్ నంబరు మార్చి, కింది లైను అలాగే ఉంచుతారు. ఆ కింది లైనులోనే ‘బుక్స్, స్టేషనరీ, జిరాక్స్’ ఉంటుంది. ఒక ఫైలులో తప్పుంటే అది అంగడి నుంచి అంగడికి పాకుతుంది.

మరిచిపోకుండా ఉండటానికి తేలికైన గుర్తు ఏమిటి?

నెల్లూరు వాళ్లకు ఊరి పేరే గుర్తు. నెల్లూరును ఇంగ్లీషులో రాసేటప్పుడు మొదటి రెండు అక్షరాలు ఎన్, ఇ. అమ్మే స్టేషనరీలో కూడా ఎన్ పక్కన ఇ. రాసేటప్పుడు మనసులో ‘స్టేషనెరీ’ అనుకోండి. పైకి అనక్కర్లేదు. ‘నె’ అనుకోగానే నెల్లూరులో లాగే చేయి ఇ మీదికి పోతుంది. ‘న’ తెచ్చిన తప్పును ‘నె’ సరిచేస్తుందన్నమాట.

ఒంగోలు, కనిగిరి, దర్శి వైపు వాళ్లకు ఇంకో గుర్తు. పేపర్ అనే మాట చివర ఇ-ఆర్ ఉంది. స్టేషనరీలో కూడా వైకి ముందు ఇ-ఆర్ ఉంది. పేపరు అమ్మే చోట పేపరు తోకే ఉండాలి.

‘ఏ’ ఉన్న మాటకు ‘ఆగి ఉన్నది’ అని గుర్తుపెట్టుకోండి. ‘ఆగి’లో ‘ఆ’ను ఇంగ్లీషులో ‘ఏ’ అక్షరంతోనే రాస్తాం. ఆగితే ఏ.

ఇన్ని గుర్తుల్లో ఒక్కటి చాలు. రెండు మూడు కలిపి పెట్టుకుంటే పరీక్ష హాల్లో ఏది దేనికో తెలియక కలగాపులగం అవుతుంది.

రెండు మాటలూ ఇంత దగ్గరగా ఉన్నాయి, చుట్టాలేనా?

సొంత చుట్టాలే. రెంటికీ మూలం లాటిన్‌లో ‘నిలబడటం, నిలబడిన చోటు’ అనే అర్థం ఉన్న మాట. మధ్యయుగాల యూరప్‌లో ఎక్కువమంది వ్యాపారులు సరుకు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు, మన సంతల వెంట తిరిగే వ్యాపారుల్లాగే. పుస్తకాలు అమ్మేవాళ్లు మాత్రం విశ్వవిద్యాలయాల దగ్గర ఒకచోట కుదురుగా అంగడి పెట్టుకున్నారు. అలా ఒకచోట నిలిచి అమ్మేవాణ్ని ‘స్టేషనర్’ అన్నారు. లండన్‌లో ఈ వృత్తివాళ్ల సంఘం 1403లో ఏర్పడింది, 1557లో దానికి రాజపత్రం దక్కింది.

స్టేషనర్ అమ్మేది స్టేషనరీ. ‘స్టేషనర్’ అనే మాట ఇ-ఆర్‌తో ముగుస్తుంది, దానికి వై చేరిస్తే సరుకు పేరు వచ్చేస్తుంది. గ్రోసర్ అమ్మేది గ్రోసరీ, బేకర్ చేసేది బేకరీ. మూడింటికీ ఒకటే సూత్రం. కిరాణా బోర్డు మీద గ్రోసరీకి ఏ-ఆర్-వై పెట్టడానికి మనసు ఒప్పుకోదు కదా, పుస్తకాల అంగడికీ అంతే.

సరుకు పేరుకు ఇ, ఆగి ఉన్నదానికి ఏ అని ఇంగ్లీషులో విడిగా స్థిరపడటం 18వ శతాబ్దం నాటి మాట. అంతకుముందు ఇద్దరికీ ఒకే చొక్కా తొడిగినట్టు కలిపి రాసిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి పాత పుస్తకంలో ఏదో చూశామని ఇవాళ బోర్డు మీద రాయకూడదు. బ్రిటన్ ప్రభుత్వ ముద్రణ వ్యవహారాల ఆఫీసు 1786లో మొదలైంది. దాని పేరులోనూ, మన రాష్ట్ర ప్రభుత్వ ముద్రణ, స్టేషనరీ శాఖ పేరులోనూ ఉన్నది ‘ఇ’యే.

అమెరికా స్పెల్లింగ్ వేరా?

కాదు. రెండు దేశాల్లోనూ ఒకటే.

‘స్టేషనరీస్’ అని బహువచనం రాయవచ్చా?

రాయకూడదు. బియ్యం, ఫర్నిచర్, లగేజీ లాగే ఇది రాశిగా చెప్పే మాట. ఇంగ్లీషులో దానికి ఎస్ చేర్చరు, ముందు ‘ఏ’ అనే ఆర్టికల్ కూడా పెట్టరు. లెక్క చెప్పాల్సి వస్తే ‘స్టేషనరీ ఐటమ్స్’ అనాలి. బోర్డు మీద ‘బుక్స్ అండ్ స్టేషనరీ’ చాలు.

ఎస్ చేర్చాలనిపించడానికి కారణం పక్కనున్న మాటలే. బుక్స్, గిఫ్ట్స్, టాయ్స్ అని వరసగా రాస్తూ పోతే చివర ఇది మాత్రం ఒంటరిగా కనిపిస్తుంది. అలాగే ఉండనివ్వండి.

‘స్టేషనర్స్’ అని రాస్తే?

అది సరైనదే, కానీ అర్థం వేరు. స్టేషనరీ అంటే సరుకు, స్టేషనర్స్ అంటే ఆ సరుకు అమ్మేవాళ్లు. ‘ఫలానా బుక్ సెల్లర్స్ అండ్ స్టేషనర్స్’ అని అంగడి పేరులో పెట్టుకోవచ్చు. అక్కడ ఎన్ తర్వాత ఇ, ఆర్, ఎస్. ఎస్ ముందు పైన చుక్కలాంటి కామా పెట్టవద్దు.

కన్ఫెక్షనరీ సంగతేమిటి?

అదే కుటుంబం, అదే తప్పు. బేకరీ, స్వీటు అంగళ్ల బోర్డుల మీద ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మిఠాయిలు చేసేవాడు కన్ఫెక్షనర్, ఇ-ఆర్. అతని సరుకు కన్ఫెక్షనరీ, ఇ-ఆర్-వై. కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. ‘ఏ’ పెట్టి రాసిన కన్ఫెక్షనరీ కూడా కొన్ని నిఘంటువుల్లో అరుదైన రూపంగా కనిపిస్తుంది. అయినా బోర్డుకు ఇ ఉన్న రూపమే రాయించండి, ఎవరూ వేలెత్తి చూపలేరు.

మరి ‘ఏ’ ఉన్న స్టేషనరీ ఎక్కడ సరైనది?

మూడు నాలుగు చోట్ల మనవాళ్లకు నిజంగా అవసరం పడుతుంది.

మొదటిది రోడ్డు ప్రమాదాల కాగితాలు. గూడూరు, నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఆగి ఉన్న లారీని వెనక నుంచి బండి గుద్దుకుంటే, ఇంగ్లీషు ఫిర్యాదులోనూ బీమా క్లెయిమ్ ఫారంలోనూ ‘ఆగి ఉన్న లారీ’కి ‘స్టేషనరీ లారీ’ అని రాస్తారు. ఇక్కడ ఎనిమిదో అక్షరం ఏ ఉండాలి. ఇ పెడితే అది కాగితాల లోడు లారీ అవుతుంది. బండి ఆగి ఉందా, కదులుతోందా అన్న దాని మీదే బాధ్యత తేలే కేసుల్లో ఈ ఒక్క అక్షరం దగ్గర అనవసరమైన ప్రశ్నకు తావివ్వకూడదు. అనుమానంగా ఉంటే ఆ మాటే మానేసి ‘పార్క్ చేసి ఉన్న’ అని రాయండి. రోడ్డు మధ్యలో చెడిపోయి నిలిచిన బండికి మాత్రం ‘పార్క్’ సరిపోదు, అప్పుడు ఏ ఉన్న స్టేషనరీయే రాయాలి.

రెండోది ఇంటర్ చదువు. ఫిజిక్సులో స్థిర తరంగాలను స్టేషనరీ వేవ్స్ అంటారు. రెండు కొసలా బిగించిన తీగను మీటితే కొన్ని బిందువులు అసలు కదలకుండా నిలబడతాయి. లెక్కల్లో వాలు సున్నా అయ్యే చోటును స్టేషనరీ పాయింట్ అంటారు. రెండూ ‘ఏ’తోనే. ఇంగ్లీషు మీడియం పిల్లలు జవాబు పత్రంలో ఇ రాయడం తరచుగా కనిపించే పొరపాటు.

మూడోది మన పక్కనే ఉంది. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలోకి పోయిన శ్రీహరికోట నుంచి భూస్థిర ఉపగ్రహాలు ఎగురుతాయి. వాటిని జియోస్టేషనరీ అంటారు. భూమధ్యరేఖకు సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతూ, కింది నుంచి చూసేవాళ్లకు ఒకేచోట నిలబడ్డట్టు ఉంటాయి కాబట్టి ఆ పేరు. నిలబడింది కనుక ‘ఏ’. పోటీ పరీక్షల వాళ్లకు ఒక చిన్న జాగ్రత్త: ఇస్రో రాకెట్ జీఎస్ఎల్‌వీలో జీఎస్ అంటే జియోస్టేషనరీ అనుకుంటారు, కాదు. అది జియోసింక్రొనస్.

జిమ్ములో కదలని సైకిలు, ఒకచోట బిగించిన డీజిలింజను, వీటికి కూడా ఏ.

కంప్యూటర్ ఎర్ర గీత ఎందుకు పెట్టలేదు?

మూడు కారణాలున్నాయి. ఒక్కటి ఉన్నా చాలు, తప్పు తప్పించుకుపోతుంది.

ఒకటి, రెండూ నిఘంటువులో ఉన్న మాటలే. మామూలు స్పెల్ చెక్ మాట ఉందా లేదా అని చూస్తుంది, సందర్భానికి కుదిరిందా అని చూడదు.

రెండోది చాలామందికి తెలియదు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో మొత్తం పెద్ద అక్షరాల్లో ఉన్న మాటలను స్పెల్ చెక్ వదిలేసేలా ముందే సెట్ చేసి ఉంటుంది. బోర్డులు, లెటర్‌హెడ్లు, బిల్లు బుక్కులు అన్నీ పెద్ద అక్షరాల్లోనే టైపు చేస్తారు. అంటే సరిగ్గా ఎక్కడ చూడాలో అక్కడే అది చూడటం లేదు. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్ లోపలికి వెళ్లి, పెద్ద అక్షరాల మాటలను పట్టించుకోవద్దు అనే టిక్కు తీసేయండి. డీటీపీ సెంటరులో ప్రతి కంప్యూటరుకూ ఒక్కసారి చేసుకుంటే చాలు.

మూడోది, బోర్డులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ కోరల్ డ్రాలో టెక్స్టును కర్వ్స్‌గా మార్చాక అది ఇక అక్షరం కాదు, బొమ్మ. ఏ స్పెల్ చెక్కూ దాన్ని చదవదు. ఫ్లెక్సు ప్రింటింగుకు పంపే ఫైళ్లను మామూలుగా ఫాంటు మారిపోకుండా కర్వ్స్ చేసే పంపుతారు. కాబట్టి చూడాల్సిందంతా కర్వ్స్ చేయకముందే చూడాలి. కర్వ్స్ చేయని ఫైలును వేరే పేరుతో తప్పకుండా దాచుకోండి. తర్వాత ఒక్క అక్షరం మార్చాల్సి వస్తే అదే దిక్కు.

ఆటోకరెక్టులో ‘ఏ’ ఉన్నదాన్ని ‘ఇ’గా మార్చేలా పెట్టుకోవచ్చా అని కొందరు అడుగుతారు. బోర్డులు మాత్రమే చేసే సెంటరైతే పెట్టుకోండి. కాలేజీ ప్రశ్నపత్రాలు కూడా టైపు చేసే చోట పెట్టవద్దు, ఫిజిక్సు పేపరులో స్థిర తరంగాలు కాగితపు తరంగాలైపోతాయి.

ప్రింటుకు పంపే ముందు ఎలా సరిచూడాలి?

డిజైనరు వాట్సాప్‌లో ప్రూఫ్ పంపుతాడు. ఓనరు తన పేరు, ఫోటో, ఫోన్ నంబరు చూసుకుని ఓకే అంటాడు. కింది లైను ఎవరూ చదవరు. కాబట్టి చదివే పద్ధతి మార్చాలి.

ప్రూఫును పెద్దది చేసి, బొటనవేలితో ‘స్టేషన్’ అనే ఏడు అక్షరాలనూ మూసేయండి. మిగిలిన మూడింటినీ వెనక నుంచి ముందుకు గట్టిగా చదవండి. వై, ఆర్, ఇ. అలా వస్తే సరే. వై, ఆర్, ఏ వస్తే ఆపండి. మాట మొత్తం కలిపి చదివితే మెదడు తనకు తెలిసిన శబ్దాన్నే చదివేస్తుంది, అక్షరాన్ని చూడదు. వెనక నుంచి చదివితే శబ్దం విరిగిపోయి అక్షరం కనపడుతుంది.

ఆ తర్వాత వేలు తీసి ఏడు అక్షరాలూ లెక్కపెట్టండి. టి-ఐ-ఓ-ఎన్‌లో ఐ గానీ ఓ గానీ జారిపోవడం, రెండు టిలలో ఒకటి పోవడం కూడా జరుగుతుంటుంది. మొత్తం పది ఉండాలి.

ఒకే ఫైలులో ఈ మాట రెండుచోట్ల ఉండొచ్చు, పైన పేరులో ఒకటి, కింద సరుకుల జాబితాలో ఒకటి. పైన సరిచేసి కింద వదిలేయడం అతి మామూలు. జూన్‌లో బళ్లు తెరిచే ముందు హడావిడిగా వేయించే ఫ్లెక్సుల్లో ఇది మరీ ఎక్కువ. ఓకే చెప్పేటప్పుడు ‘ఓకే’ అని ఒక్క మాట కాకుండా, ‘స్టేషనరీలో ఇ ఉంది, చూశాను, ప్రింటు చేయండి’ అని మెసేజ్ పెట్టండి. అలా రాయడానికైనా ఇద్దరూ ఆ అక్షరాన్ని చూస్తారు. ఖర్చు ఎవరు భరించాలన్న పేచీ కూడా రాదు.

బోర్డు ఇప్పటికే తప్పుతో పైకెక్కింది. మొత్తం మార్చాలా?

బోర్డు ఏ రకమో దాన్ని బట్టి ఉంటుంది.

ఫ్లెక్సు అయితే ఒక్క అక్షరం మీద స్టిక్కరు అతికించడం మంచి పని కాదు. ఫ్లెక్సు గుడ్డలో మెత్తదనం కోసం కలిపే నూనెలాంటి పదార్థం మెల్లగా పైకి ఊరి, ఎండాకాలంలో జిగురు వదిలేస్తుంది. పైగా ఎండకు వెలిసిన రంగు పక్కన కొత్త రంగు ముక్క దూరం నుంచే తెలిసిపోతుంది. 10 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు బోర్డంటే 30 చదరపు అడుగులే. ఫ్రేము అలాగే ఉంచి ఫ్లెక్సు మార్చడమే మేలు.

చేత్తో పెయింటు వేసిన బోర్డైతే, తప్పు అక్షరాన్ని ఎమరీ కాగితంతో రుద్ది, నేల రంగు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ నేల రంగు వేసి, ఆ తర్వాత ఇ రాయాలి. ఒక్క పూతతో పాత ఏ నీడలా కనిపిస్తూనే ఉంటుంది. నేల రంగును అక్షరం మేరకే వేస్తే చతురస్రపు మచ్చ తేలుతుంది. ఆ లైను ఈ కొస నుంచి ఆ కొస దాకా పట్టీలా వేయించండి.

ఏసీపీ షీటు (అల్యూమినియం పూత ఉన్న పలక) మీద యాక్రిలిక్ అక్షరాలు బిగించిన బోర్డైతే ఒక్క అక్షరం మార్చితే సరిపోతుంది, కానీ వెడల్పు చూసుకోవాలి. ఏరియల్ బోల్డ్ లాంటి ఫాంటులో 12 అంగుళాల ఎత్తు అక్షరాలు తీసుకుంటే, ఏ వెడల్పు పదకొండు అంగుళాలు దాటుతుంది, ఇ వెడల్పు తొమ్మిది చుట్టూ ఉంటుంది. ఏ ఉన్నచోట ఇ పెట్టగానే పక్కన ఖాళీ తెలుస్తుంది. చివరి ఆర్, వై రెండింటినీ ఓ అంగుళం ఎడమకు జరిపితే సర్దుకుంటుంది. అవి జరపడానికి కుదరకపోతే ఇని ఖాళీ మధ్యలో పెట్టించండి, ఒక పక్కకు ఆనించవద్దు. పాత అక్షరం స్క్రూ బెజ్జాలు కొత్త అక్షరం కిందికి రాకపోతే షీటు రంగు సీలెంటుతో పూడ్చాలి, లేకపోతే వానకు నీళ్లు దిగుతాయి.

లైటు వెలిగే అక్షరాలైతే లోపలి ఎల్‌ఈడీ మాడ్యూళ్ల వరస కూడా మారుతుంది. మామూలుగా అవి 12 వోల్టులవి. కొత్త అక్షరం తీగలు కలిపేటప్పుడు ప్లస్సు, మైనస్సు తారుమారైతే ఆ ఒక్క అక్షరమే చీకటిగా ఉండిపోతుంది. మాట పోయి మచ్చ మిగులుతుంది.

జీఎస్టీ సర్టిఫికెట్‌లోనే తప్పు స్పెల్లింగ్ పడింది. ఇప్పుడేం చేయాలి?

సొంత అంగడి అయితే జీఎస్టీలో లీగల్ పేరు పాన్ కార్డు మీదున్న మీ పేరే. అంగడి పేరు ట్రేడ్ పేరుగా నమోదవుతుంది. తప్పు సాధారణంగా అక్కడే ఉంటుంది. పోర్టల్లో లాగిన్ అయి, సర్వీసెస్, రిజిస్ట్రేషన్ కింద కోర్ ఫీల్డ్స్ సవరణ తెరిచి, వ్యాపార వివరాల్లో ట్రేడ్ పేరు సరిచేసి, కారణం, తేదీ రాసి పంపాలి. దీని ఫారం పేరు రెజ్-14. పేరులాంటి వివరాలు మారితే 15 రోజుల్లోపు దాఖలు చేయాలన్నది నియమం. అధికారి ఆమోదించాక కొత్త సర్టిఫికెట్ దించుకోవచ్చు.

సవరణ అయ్యేదాకా బిల్లుల మీద సర్టిఫికెట్‌లో ఉన్న పేరే ఉండనివ్వండి, తప్పైనా సరే. బోర్డు మీద ఒక స్పెల్లింగ్, బిల్లు మీద ఒకటి, బ్యాంకు ఖాతాలో ఒకటి ఉంటేనే అసలు తలనొప్పి. వరస ఇలా పెట్టుకోండి: ముందు జీఎస్టీ, తర్వాత ఆ సర్టిఫికెట్ చూపించి కరెంటు ఖాతా, తర్వాత రబ్బరు స్టాంపు, బిల్లు బుక్కు, యూపీఐ క్యూఆర్ స్టాండు, చివరగా బోర్డు, గూగుల్ మ్యాప్స్. తలకిందులుగా మొదలుపెడితే బ్యాంకువాళ్లు కాగితం అడుగుతారు, మీ దగ్గర ఉండదు.

నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లో డబ్బు పంపేవాళ్లకు ఖాతాదారు పేరు ముందే చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 కల్లా రావాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. అంటే మీ ఖాతా పేరులోని తప్పు స్పెల్లింగ్ ఇప్పుడు ఎదుటివాళ్ల తెరమీద కూడా కనిపిస్తుంది. స్కూళ్లకు, ఆఫీసులకు పెద్ద మొత్తాల్లో సరుకు వేసే అంగళ్లు దీన్ని వాయిదా వేయకూడదు.

స్కూలు ఇండెంటులో, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఎలా రాయాలి?

ఇండెంటులో ‘స్టేషనరీ ఐటమ్స్’ అని శీర్షిక పెట్టి, కింద వస్తువు, సైజు, సంఖ్య విడివిడిగా రాయండి. ‘స్టేషనరీ 20’ అని రాస్తే అంగడివాళ్లకు అర్థం కాదు. ‘ఏ4 కాగితం, 75 జీఎస్ఎం, 10 రీములు’ అంటే అర్థమవుతుంది. ఒక రీముకు 500 షీట్లు.

ట్యాలీలో ‘ప్రింటింగ్ అండ్ స్టేషనరీ’ లెడ్జరు ఒకటే ఉండాలి. ఒకరు ఇతో, ఇంకొకరు ఏతో సృష్టిస్తే రెండు లెడ్జర్లు తయారై ఏడాది చివర ఖర్చు రెండు ముక్కలవుతుంది. లెడ్జర్ల జాబితాను అక్షరక్రమంలో చూస్తే రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. తప్పు స్పెల్లింగ్ లెడ్జరులోని ఎంట్రీలను సరైనదానికి మార్చి, ఖాళీ అయ్యాక దాన్ని తీసేయండి.

తెలుగులో స్టేషనరీ అనాలా, స్టేషనరి అనాలా? తెలుగు మాట లేదా?

బోర్డుకు ‘స్టేషనరీ’ బాగుంటుంది, చివర దీర్ఘం నోటికి సరిపోతుంది. రాతకోతల్లో ‘లేఖన సామగ్రి’ అనే మాట ఉంది, అర్థమవుతుంది కూడా. అయితే మన వైపు జనం అనేది ‘పుస్తకాల అంగడి’. బోర్డు మీద తెలుగులో పెద్దగా ‘పుస్తకాల అంగడి’ అని రాయించి, ఇంగ్లీషు లైను కింద చిన్నగా పెట్టించినా చక్కగా ఉంటుంది. ఆ మాటలో స్పెల్లింగ్ తప్పే అవకాశం చాలా తక్కువ.

పిల్లలకు ఎలా నేర్పాలి?

డిక్టేషన్లో ఒంటరి మాటగా చెప్పవద్దు. రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ఒంటరిగా చెబితే ఏది రాసినా పిల్లల తప్పు కాదు. వాక్యంలో చెప్పండి. ‘అంగడిలో స్టేషనరీ కొన్నాను’ అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి, ‘బస్సు స్టేషనరీగా ఉంది’ అన్న అర్థం వచ్చేది ఒకటి. ఐదో తరగతి పిల్లలకు స్టేషనర్, గ్రోసర్, బేకర్ మూడూ నల్లబల్ల మీద రాసి, ఒక్కొక్కదానికీ వాళ్ల చేతే వై చేర్పించండి. సూత్రం నోటితో చెప్పకుండానే పట్టుబడుతుంది. తప్పు రాసిన మాటను పదిసార్లు రాయించడం కన్నా ఇది మంచి దారి.

అదే బోర్డు మీద తప్పుపడే ఇంకేమైనా మాటలున్నాయా?

జిరాక్స్‌కు మొదలూ చివరా ఎక్స్ అక్షరమే: ఎక్స్, ఇ, ఆర్, ఓ, ఎక్స్. మొదట జెడ్ పెట్టడం తప్పు. అది ఒక కంపెనీ పేరు కూడా కాబట్టి ‘ఫోటోకాపీ’ అంటే ఇంకా మంచిది, కానీ మన జనం అడిగేది జిరాక్సే.

ల్యామినేషన్‌లో ఎమ్ ఒక్కటే. కవరుకు ఇంగ్లీషు మాట ఎన్వలప్ రాస్తే చివర ఇ ఉండాలి. ఇ లేకపోతే అది ‘కప్పివేయు’ అనే క్రియ.

క్యాలెండర్ మరీ జాగ్రత్త. గోడకు తగిలించేదానికి చివర ఏ-ఆర్. ఇ-ఆర్ పెడితే అది కాగితాన్నీ గుడ్డనూ రోలర్ల మధ్య నొక్కి నునుపు చేసే యంత్రం పేరు. ఇక్కడ కూడా రెండూ ఉన్న మాటలే, ఇక్కడ కూడా ఎర్ర గీత రాదు. స్టేషనరీకి ఇ అని నేర్చుకున్న చేయి క్యాలెండరుకు కూడా ఇ పెట్టేయగలదు. కొత్త సంవత్సరానికి అంగడి పేరుతో క్యాలెండర్లు వేయించే ముందు ఆ ప్రూఫులో రెండు మాటలనూ వేరువేరుగా, వెనక నుంచి చదవండి. ఒకదానికి వై, ఆర్, ఇ. ఇంకోదానికి ఆర్, ఏ.